గండికోట సీమలో తోటపని: నీటివాటా నుంచి లైసెన్సు దాకా

తోట వేయడం, దాన్ని పెంచి ఇవ్వడం వృత్తిగా మారినప్పుడల్లా దానికి ఎవరో ఒకరి అనుమతి అవసరమైంది. గండికోట, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతంలో ఆ అనుమతి చరిత్ర చాలావరకు నీటి చరిత్రే. వానలు తక్కువ పడే ఈ సీమలో నేల దొరకడం ఎప్పుడూ పెద్ద కష్టం కాలేదు. తడి దొరకడమే కష్టం. అందుకే విజయనగర కాలంలో చెరువు దాతకు ఇచ్చిన మాన్యం, ఈస్టిండియా కంపెనీ కాలంలో బావి కింది తోటకు ఇవ్వజూపిన పన్ను తగ్గింపు, నేటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) కింద బోరుకు తీసుకోవాల్సిన అనుమతి ఒకే వరుసలోకి వస్తాయి. నర్సరీ రిజిస్ట్రేషను, పురుగుమందుల లైసెన్సు, జీఎస్టీ వంటివి గత నూరేళ్లలో ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి.

నేల, నీరు

ఎర్రమల కొండలను చీల్చుకుని పెన్న పారే గండి పక్కన గండికోట ఉంది. కోట చుట్టూ ఎర్రని రాతి గుట్టలు. కొండ దిగితే జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి. నల్లరేగడి తేమను పట్టి ఉంచుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. జొన్న, పత్తి, శనగ వంటి మెట్టపంటలకు అనుకూలం. తోటలు మాత్రం పెన్న, చిత్రావతి, పాపాగ్ని ఒడ్డుల్లోనూ, చెరువుల కిందా, ఊటబావుల చుట్టూ పెరిగాయి. బావి నుంచి ఎద్దులతో కపిలి తోలి, కాలువ ద్వారా పాదులకు పారించేవారు. ఒక కపిలి ఎంత దూరం తడపగలదో తోట అంతవరకే. విద్యుత్ మోటార్లు వచ్చేదాకా తోట విస్తీర్ణానికి అదే హద్దు.

పోరుమామిళ్ల శాసనం చెప్పిన షరతులు

కడప జిల్లాలోనే ఉన్న పోరుమామిళ్ల చెరువును మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించాడు. 1369 నాటి శాసనం దాని నిర్మాణాన్ని వివరంగా చెబుతుంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, కట్టకు రాయి తోలేందుకు నూరు బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను కూడా అది లెక్కగట్టింది. ధర్మబుద్ధి గల ప్రభువు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, తీపి నీటి ఏరు, నిడుపాటి రాళ్లు దొరికే గని, దగ్గరలో ఫలవంతమైన చదును పొలాలు, కట్టడం పనిలో ఆరితేరిన పనివాళ్లు ఆ అంగాల్లో కొన్ని. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, చెరువు నడుమ మెట్ట ఉండటం, ఆయకట్టు ఎక్కువై నీరు చాలకపోవడం, నీరు ఎక్కువై ఆయకట్టు చాలకపోవడం దోషాలు. ఒక పని మొదలుపెట్టే ముందు డబ్బు, నిపుణుడు, స్థలం, సామగ్రి, పనివాళ్లు, హద్దుల తగాదా లేకపోవడం అన్నీ చూసుకోవాలని ఈ ప్రాంతంలో రాయి మీద రాసిపెట్టిన తొలి పట్టికల్లో ఇదొకటి.

చెరువు కట్టినవారికీ, గండి పడిన కట్టను పూడ్పించినవారికీ దశబంధం ఇనాము దక్కేది. చెరువు కింద సాగయ్యే భూమిలో ఒక భాగాన్ని పన్ను తగ్గింపుతోనో, పన్ను లేకుండానో అనుభవించే హక్కు అది. బదులుగా చెరువు మరమ్మతు బాధ్యత ఇనాముదారుదే. హక్కు, బాధ్యత జంటగా ఉండే ఈ ఏర్పాటు కడప, అనంతపురం, చిత్తూరు ప్రాంతాల్లో విస్తారంగా సాగింది. వనం నాటించడాన్ని కూడా తటాకం, దేవాలయం, అగ్రహారం, నిధి, ప్రబంధం, కొడుకుతో కలిపి సప్తసంతానాల్లో ఒకటిగా లెక్కించారు. దానివల్ల తోట కేవలం రాబడి వనరుగా గాక, పేరు నిలిపే దానంగానూ గుర్తింపు పొందింది.

ఆలయాల నందనవనాలతో తోటపనికి స్థిరమైన జీతం ఏర్పడింది. వైష్ణవాలయాల్లో దేవుడికి పూలు, తులసి సమకూర్చి మాలలు కట్టే పనిని చాలాచోట్ల చాత్తాద శ్రీవైష్ణవులు వంశపారంపర్యంగా చేశారు. గుడి మాన్యంలో కొంత నేల పూదోటకు కేటాయించి, దాని రాబడితోనే తోటమాలి బతుకు గడిచేట్టు చూసేవారు. ఆ రోజుల్లో తోటపనివాడికి అధికారపత్రం అంటే ఈ మాన్యమే.

కోటలోని తోటలు

గండికోట గ్రామం, కోట 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్యుల సామంతుడు కాకరాజు చేతిమీదుగా వెలిశాయని స్థానిక చరిత్ర చెబుతుంది. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు దీన్ని తమ రాజధానిగా చేసుకుని బలపరిచారు. మాధవరాయ, రంగనాథ ఆలయాలు, ధాన్యాగారం, కత్తుల కోనేరు ఆ వైభవానికి సాక్ష్యాలు. 1650లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా సేనాని మీర్ జుమ్లా కోటను పట్టుకున్నాడు. రెండేళ్లకు, 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఇక్కడికి వచ్చాడు. కొండ నెత్తిన ఉన్న చిన్న మైదానంలో వరి, చిరుధాన్యాలు పండుతున్నాయని, వాటిని చిన్నచిన్న ఊటలు తడుపుతున్నాయని అతడు రాశాడు. ముట్టడిలో నెలల తరబడి నిలవాల్సిన కోటకు ఆ సాగు అలంకారం కాదు, ఆహార భద్రత.

ముస్లిం పాలన నాటి జామా మసీదుతో పాటు తోట సంప్రదాయం కూడా ఇక్కడ కనిపిస్తుంది. కొండ దిగువన పెన్న ఒడ్డున పరేబాగ్ అనే తోట, దానికి జలపాతం ఉండేవి. ఎండని ఊట ఉన్న రాయలచెరువు నుంచి గొట్టాల ద్వారా ఈ తోటకు నీరు వెళ్లే ఏర్పాటు చేశారు. పారసీక పద్ధతి తోటలో నీరు మొక్కకు తడి ఇవ్వడంతో ఆగదు. కాలువగా పారుతూ, ధారగా దూకుతూ చూపుకూ చెవికీ పండుగ కావాలి. ఎత్తున చెరువు, పల్లంలో తోట ఉన్న గండికోట నైసర్గిక స్వరూపం దానికి సరిగ్గా సరిపోయింది. నేటి మాటల్లో చెప్పాలంటే, నేల వాలును వాడుకుని మోటారు లేకుండా నీరు నడిపించిన ల్యాండ్‌స్కేపింగ్ ఇది. ఇలాంటి తోటకు పెట్టుబడి, స్థలం, నీరు, అనుమతి అన్నీ ప్రభువే. తోటమాలి జీతగాడు మాత్రమే.

మన్రో లెక్కలో తోట

కడప నవాబులు, హైదర్ అలీ, టిప్పు సుల్తాను, నిజాం చేతులు మారిన ఈ ప్రాంతాన్ని 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ పనిచేశాడు. అతడు చేయించిన సర్వేలో భూమి మెట్ట, మాగాణి, తోట అని మూడు తరగతులైంది. రెవెన్యూ భాషలో తోట భూమిని బాగాయతు అన్నారు. తోట కింద నమోదైతే శిస్తు హెచ్చు. కనుక తోట వేయాలనుకునే రైతుకు తొలి లెక్క నీటిది, రెండో లెక్క శిస్తుది.

ఈ శిస్తు భారాన్ని మన్రో గుర్తించాడు. 1807 నివేదికలో అన్ని భూములకూ నూటికి 25 వంతుల తగ్గింపు సూచించాడు. బావుల కింద, ఏరు వాగుల నుంచి ఎత్తిపోసుకునే నీటి కింద సాగయ్యే భూములకు అదనంగా మరో 8 వంతులు, మొత్తం 33 వంతుల తగ్గింపు ఇవ్వాలని, అయితే బావులనూ కట్టలనూ రైతులే సొంత ఖర్చుతో బాగుచేసుకోవాలని షరతు పెట్టాడు. 25 వంతుల తగ్గింపు అతడు మద్రాసు గవర్నరుగా తిరిగివచ్చిన 1820లో గానీ అమల్లోకి రాలేదు. బావి కట్టుబడికి రాయితీ, బదులుగా నిర్వహణ బాధ్యత అనే ఈ ఆలోచనలో పాత దశబంధం నీడ స్పష్టంగా ఉంది.

19వ శతాబ్ది ద్వితీయార్ధంలో మూడు మార్పులు వచ్చాయి. తుంగభద్రపై సుంకేసుల ఆనకట్ట నుంచి కర్నూలు-కడప కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1863లో మొదలుపెట్టి 1870 ప్రాంతంలో పూర్తి చేసింది. 1882లో ప్రభుత్వం దాన్ని కొనుక్కుంది. ఈ కాలువ ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట దగ్గర పెన్నను దాటి కడప వైపు సాగుతుంది. 1876-78 ధాత కరువు కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలను పీల్చి పిప్పి చేసింది. ఆ తర్వాత 1883 నాటి భూమి అభివృద్ధి రుణాల చట్టం కింద బావులకు తకావీ అనే సర్కారు అప్పులు దొరికే వీలు కలిగింది. పోరంబోకు నేలల్లో తోపులు పెంచేవారికి 2-సి పట్టా పేరుతో చెట్టు ఫలసాయం అనుభవించే హక్కు ఇచ్చే పద్ధతి కూడా మద్రాసు రెవెన్యూ నిబంధనల్లో స్థిరపడింది. ఆ పట్టా చెట్టుకే గాని నేలకు కాదు.

పురపాలక సంఘాలు, తెగుళ్ల చట్టాలు

20వ శతాబ్దిలో అనుమతి ఇచ్చే చేతులు పెరిగాయి. విదేశీ మొక్కలతో పురుగులు, తెగుళ్లు రాకుండా 1914లో కేంద్ర చట్టం వచ్చింది. 1919లో మద్రాసు ప్రెసిడెన్సీ సొంతంగా పంటల పురుగులు, తెగుళ్ల చట్టం చేసింది. నారు, అంట్లు ఒకచోటి నుంచి మరోచోటికి పోవడం కూడా సర్కారు పట్టించుకోవాల్సిన విషయమని తేలింది అప్పుడే. 1915లో ప్రొద్దుటూరు పురపాలక సంఘం ఏర్పడింది. 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టంతో ఊరి లోపల కొన్ని వ్యాపారాలకు స్థల లైసెన్సు తప్పనిసరి అయింది. 1939లో మద్రాసు సాధారణ అమ్మకపు పన్ను, 1947లో దుకాణాలు, సంస్థల చట్టం వచ్చాయి. వ్యాపారి ఇప్పుడు నింపే దరఖాస్తుల్లో చాలావాటి మూలాలు ఈ మూడు దశాబ్దాల్లోనే ఉన్నాయి.

తోటపనికి మరో తోడ్పాటు చారిత్రక కట్టడాల నుంచి వచ్చింది. కర్జన్ వైస్రాయిగా ఉన్న 1899-1905 మధ్య తాజ్‌మహల్ తోటలను తీర్చిదిద్దించాడు. 1904లో ప్రాచీన కట్టడాల పరిరక్షణ చట్టం వచ్చింది. కట్టడం చుట్టూ పచ్చిక, పొదలు పెంచడం పురావస్తు శాఖ పనుల్లో భాగమైంది. ఆగ్రా కేంద్రంగా ఆ శాఖకు సొంత ఉద్యాన విభాగం ఏర్పడింది. గండికోటలో నేడు వర్తించే పురావస్తు శాఖ నిబంధనలకు పునాది ఆ 1904 చట్టమే.

చీనీ తోటల కాలం

స్వాతంత్ర్యానంతరం తుంగభద్ర ఎగువ కాలువ నీరు మైలవరం జలాశయానికీ, చిత్రావతి మీదుగా పులివెందుల బ్రాంచి కాలువకూ చేరింది. బోర్లు, విద్యుత్ మోటార్లు తోడై పులివెందుల చుట్టూ చీనీ (బత్తాయి), అరటి తోటలు విస్తరించాయి. చీనీ మొక్కను సాధారణంగా నేరుగా గింజ నుంచి పెంచరు. జంబేరి లేదా రంగపూర్ నిమ్మ మొలకపై సాతుగుడి రకం కన్ను అంటుకడతారు. అంటుకట్టే నేర్పు ఉన్నవారి చుట్టూ నర్సరీలు పుట్టాయి. ఉమ్మడి కడప జిల్లాలో రైల్వేకోడూరు ప్రాంతం, కోస్తాలో కడియం మొక్కల వ్యాపారానికి కేంద్రాలయ్యాయి. ఇళ్ల ముందు పచ్చిక, కార్యాలయాల ముందు పూలపాదులు వేసే గుత్తపని కూడా ఈ నర్సరీల నుంచే ఊపిరి పోసుకుంది.

చీనీ చెట్టు కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. నాసిరకం అంటు ఇస్తే మోసం అప్పుడు గాని బయటపడదు. రైతు కోల్పోయే ఏళ్లకు నష్టపరిహారం లెక్కగట్టడం కష్టం. ఈ చిక్కు వల్లే నర్సరీలపై నియంత్రణ అవసరమైంది. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉద్యాన నర్సరీల రిజిస్ట్రేషను, నియంత్రణ చట్టం చేసింది. అంటు ఏ తల్లిచెట్టు నుంచి వచ్చింది, ఏ మొలకపై కట్టారు అన్న లెక్క ఉంటేనే కొన్న రైతుకు రక్షణ.

అంతకు ముందే నీటి విషయంలో పెద్ద మలుపు వచ్చింది. బోర్లు అడుగంటుతున్న కాలంలో 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే వాల్టా వచ్చింది. బావులకు రిజిస్ట్రేషను, బోరు యంత్రాలకు రిజిస్ట్రేషను, ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావిపై ఆంక్ష, చెట్టు కొట్టడానికి అధికారి అనుమతి ఇందులోని ముఖ్యాంశాలు. 2003లో రాష్ట్రం సూక్ష్మసేద్య పథకాన్ని మొదలుపెట్టింది. డ్రిప్పు గొట్టం కపిలి కాలువ స్థానంలోకి రావడంతో అదే నీటితో ఎక్కువ నేల తడపడం సాధ్యమైంది.

నేటి ఏర్పాటు: ఏ అనుమతి ఎక్కడ

ల్యాండ్‌స్కేపింగ్ అనే ఒకే పేరుతో ఇచ్చే లైసెన్సు ఆంధ్రప్రదేశ్‌లో లేదు. వ్యాపారం చేసే ఒక్కో పనికి ఒక్కో చట్టం వర్తిస్తుంది. మొదట వ్యాపార రూపం నిర్ణయించుకోవాలి: ఒక్కరే యజమానిగా ఉండటమా, 1932 చట్టం కింద భాగస్వామ్యమా, పరిమిత బాధ్యత భాగస్వామ్యమా, కంపెనీయా. తర్వాత చిన్న పరిశ్రమలకు 2020 జూలై నుంచి అమల్లో ఉన్న ఉద్యమ్ రిజిస్ట్రేషను తీసుకుంటే బ్యాంకు అప్పులకూ సర్కారు టెండర్లకూ ఉపయోగపడుతుంది. కార్యాలయం తెరిచిన 30 రోజుల్లో 1988 దుకాణాలు, సంస్థల చట్టం కింద నమోదు చేయించాలి. 1987 చట్టం కింద వృత్తిపన్ను కట్టాలి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాల్లో స్థలం తీసుకుంటే పురపాలక సంఘం ట్రేడ్ లైసెన్సు చూసుకోవాలి.

పన్ను లెక్కలో మొక్కకూ పనికీ తేడా ఉంది. జీఎస్టీలో సజీవమైన మొక్కలు, చెట్ల అమ్మకంపై పన్ను లేదు. తోట సంరక్షణ సేవ మాత్రం 18 శాతం పన్ను తరగతిలో ఉంది. సేవల టర్నోవరు ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషను తప్పదు. మొక్కలు, మట్టి, కూలి, ఏడాది నిర్వహణ అన్నీ కలిపి ఒకే గుత్తగా రాసుకుంటే పన్ను లెక్క మారుతుంది. అందుకే ఒప్పంద పత్రంలో ఏది అమ్మకం, ఏది సేవ అన్నది ముందే తేల్చుకోవడం మంచిది.

సొంతంగా మొక్కలు పెంచి అమ్మితే నర్సరీ రిజిస్ట్రేషను విషయం ఉద్యానశాఖలో తేల్చుకోవాలి. ఎరువులు నిల్వచేసి అమ్మితే 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, పురుగుమందులు అమ్మితే 1968 చట్టం వర్తిస్తాయి. వాణిజ్య పద్ధతిలో ఇతరుల ఆవరణల్లో పురుగుల నివారణ చేపట్టే సంస్థకు వేరే లైసెన్సు, దానికి తగిన విద్యార్హత, శిక్షణ ఉన్న మనిషి కావాలి. పాత చెట్టు తొలగించాల్సి వస్తే వాల్టా కింద అనుమతి అడగాలి. ఎర్రచందనం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. శేషాచలం, పాలకొండల చెట్టయిన ఎర్రచందనం మొక్కను పెంచడం వేరు. దాని కలపను కొట్టడం, తరలించడం, దగ్గర ఉంచుకోవడం అటవీశాఖ నిబంధనల కిందికి వస్తాయి.

తోట దారులకు పరిచే నాపరాయి ఈ ప్రాంతపు సొంత సరుకు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతంలో దొరికే నాపబండలు కడప రాయి పేరుతో దేశమంతటా పోతాయి. గుత్తదారుకు గని లీజు అక్కర్లేదు గాని, కొన్న బండలకు బిల్లు, రవాణా అనుమతి పత్రం ఉండాలి. మట్టి, కంకర తోలడానికీ ఇదే వర్తిస్తుంది. పనిముట్ల విషయానికి వస్తే గడ్డపార, పార, సికేచరు, పిచికారీ యంత్రం, పచ్చిక కోసే మిషను, డ్రిప్పు సామగ్రి, ఒక చిన్న ట్రాలీతో చిన్న పని మొదలవుతుంది. నల్లరేగడిలో మొక్క నాటేముందు గుంతలో ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి నీరు నిలవకుండా చూడటం ఇక్కడి పనివాళ్లకు తెలిసిన పాఠం.

పనికి గిరాకీ ఎక్కువగా రెండు చోట్ల నుంచి వస్తుంది. లేఅవుట్లలో పది శాతం నేల ఖాళీ స్థలంగా వదలాలన్న నిబంధన ఒకటి. ఉద్యానాలు, ఆటస్థలాలు పట్టణ సంస్థల విధుల్లో ఒకటని 74వ రాజ్యాంగ సవరణ చేర్చిన 12వ షెడ్యూలు చెప్పడం రెండోది. పట్టణ సంస్థల పనులు టెండర్ల ద్వారా వస్తాయి గనుక ధరావతు సొమ్ము, పూర్వానుభవ పత్రం, పన్ను పత్రాలు సిద్ధంగా లేని గుత్తదారు పోటీలో నిలవడం కష్టం.

కోట దగ్గర అదనపు హద్దులు

గండికోటలో మామూలు అనుమతులు చాలవు. రక్షిత కట్టడాలకు 1958 చట్టం, దాని 2010 సవరణ వర్తిస్తాయి. రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ కట్టడానికి ముందు అనుమతి కావాలి. రక్షిత ప్రాంతం లోపల తవ్వకమైనా, నాటడమైనా పురావస్తు శాఖ ద్వారానే జరగాలి. చెట్టు వేరు పాత గోడను చీల్చగలదు, పచ్చికకు పెట్టే నీరు పునాదిలోకి ఇంకగలదు గనుక ఈ కట్టుబాటు తోటపనికి కూడా అవసరమే.

ఈ నిబంధనల మధ్యనే గండికోటకు కొత్త పెట్టుబడి వస్తోంది. 27 టీఎంసీలకు దగ్గరగా నిల్వ సామర్థ్యం ఉన్న గండికోట జలాశయం గండిలో ఏడాదిలో ఎక్కువ కాలం నీరు కనిపించేట్టు చేసింది. 2024 నవంబరులో కేంద్రం రాష్ట్రాల మూలధన సహాయ పథకం కింద గండికోట పర్యాటక అభివృద్ధికి 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. దారులు, నీడనిచ్చే చెట్లు, విశ్రాంతి స్థలాలు ఇలాంటి పనుల్లో తప్పనిసరి భాగాలు. స్థానిక నర్సరీలకూ గుత్తదారులకూ ఇదొక అవకాశం. పత్రాలన్నీ సరిగ్గా ఉన్నా, వేప, కానుగ వంటి ఎండకు ఆగే చెట్లను వదిలి రోజూ తడి కోరే పచ్చికతో కొండను కప్పాలనుకునే పథకం ఈ నేలలో నిలవదు. పోరుమామిళ్ల శాసనం ఆరు దోషాల్లో చేర్చిన చాలని నీరు, మితిమీరిన ఆయకట్టు నేటి తోట గుత్తదారుకు కూడా మొదటి హెచ్చరికే.